డబ్బా మీద పేరు

చెయ్యి ఆడితే కొట్టు ఆడుతుంది, కొట్టు ఆడితే ఇల్లు నడుస్తుంది, కడుపు సంగతి తర్వాత చూసుకోవచ్చు. మాస్టారు వేసుకున్న లెక్క ఇది. ఎటునుంచి కూడి చూసినా అందులో తప్పు కనబడలేదు గనక, పొద్దున్నే కటింగ్ బల్ల మీద ముదురు నీలం గుడ్డ పరిచి, పొర మీద పొర వేసి, అంచుకు అంచు కలిపి, మధ్యలో చిక్కుకున్న గాలిని అరచేత్తో బయటికి తోసి, సుద్దబిళ్ళ అందుకున్నాడు.

ఆయన్ని వీధంతా మాస్టారనే పిలుస్తుంది. బడిలో పాఠం చెప్పినందుకు కాదు, కత్తెర పట్టినందుకు. కుట్టేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు, కోసేవాడు ఒక్కడే ఉంటాడు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే గుడ్డే పోతుంది. ఇప్పుడు బల్ల మీదున్నది బడిపిల్లల యూనిఫారాల గుడ్డ. పొరలన్నీ కలిపి ఒకేసారి కోయాలంటే పెద్ద కత్తెర కావాలి, దాన్ని నడపడానికి బొటనవేలు కావాలి. కిందటి చలికాలం ఆ వేలి మొదలు నిమ్మకాయంత వాచి, తెరిచిన కత్తెర మూసుకోక, మూసిన కత్తెర తెరుచుకోక, ఇదే బల్ల ముందు ఆయన చేతులు ముడుచుకుని కూచున్నాడు. ఇవాళ కత్తెర గుడ్డలోకి దిగి, నీళ్ళలో పడవలా సాగిపోతోంది. ఆసుపత్రివాళ్ళ బిళ్ళ మహిమ అది.

కత్తెర చంక మలుపు దగ్గరికి వచ్చేసరికి రొమ్ము కింద మంట లేచింది. ఆయన చెయ్యి ఆపలేదు. ఒళ్ళు ముందుకు వాల్చి, బల్ల అంచు పొట్టలోకి గుచ్చుకునేలా అదుముకున్నాడు. అలా అదిమితే మంట ఒకచోట నిలబడుతుంది, వీపు దాకా పాకదు.

మిషను దగ్గర కాలర్లు కుడుతున్న ఇల్లాలు తలెత్తింది.

"గుడ్డ కోస్తున్నారా, బల్లని కౌగిలించుకున్నారా?"

వంగి చూస్తే గీత బాగా కనబడుతుందన్నాడు. అయితే ఇన్నేళ్ళూ నిలబడి కోసిన చొక్కాలన్నీ వంకరగానే వెళ్ళాయన్నమాట అని ఆమె దారం కొరికి, మళ్ళీ మిషను తొక్కింది. ఆమె అనుమానమంతా టీ మీద. ఆయనకు కడుపులో ఏం వచ్చినా, కాల్లో ముల్లు గుచ్చుకున్నా, ఆమె తప్పు టీ మీదికే తోస్తుంది.

ఆమె లోపలికి వెళ్ళగానే ఆయన లైనింగు గుడ్డల థాను వెనక దాచిన సీసా తీసి ఒక గుక్క వేశాడు. సున్నం నీళ్ళలా తెల్లగా ఉండే గ్యాస్ మందు. ఎదురుగానే మందుల షాపు ఉన్నా, మొహం తెలియని షాపు వెతుక్కుని వెళ్ళి కొనుక్కొస్తాడు. మంట సద్దుమణిగింది. పొద్దున పాయిఖానాలో చూసింది మాత్రం కళ్ళముందు నుంచి పోలేదు. తారులా నల్లగా, జిగటగా ఉంది. మొన్నా అంతే. ఐరన్ టానిక్కు తాగితే అలా అవుతుందని ఎవరో అనగా విని, ఇల్లాలు తాగించిన టానిక్కు మీద ఆ పద్దు రాసేశాడు. ఆ సీసా ఖాళీ అయి చాలా రోజులైంది. లెక్క చెడగొట్టే అంకె ఎదురైతే దాన్ని రాయకుండా వదిలేయడం వ్యాపారంలో ఉన్నదే.

*

పరిశోధన జరిగేది ఆసుపత్రి వెనక వైపు, పొడుగాటి హాల్లో. గోడకు ఆనించిన కుర్చీల వరస, చివర పరదా కట్టిన గది. చేరిన రోజునే డాక్టరు అందరినీ కూచోబెట్టి విడమరిచి చెప్పాడు. కీళ్ళనొప్పి మందులు కీళ్ళకు ఎంత మేలు చేస్తాయో కడుపుకు అంత చెరుపు చేస్తాయి, పుండ్లు పడతాయి, రక్తం కారుతుంది. ఈ కొత్త బిళ్ళ కడుపును అంతగా కొరకదని ఒక ఆశ, అది నిజమో కాదో తేల్చడానికే ఇదంతా. సగం మందికి కొత్తది, సగం మందికి పాతది ఇస్తాం, చూడ్డానికి రెండూ ఒకటే, ఎవరిది ఏదో మీకూ తెలీదు మాకూ తెలీదు. కడుపులో చీమ కుట్టినంత తేడా వచ్చినా మాకు చెప్పాలి, మీరు చేసే సాయం అదే అన్నాడు.

హాలు నేర్చుకున్న పాఠం వేరు. మొదట్లోనే ఒక బస్సు డ్రైవరు కడుపులో మంటగా ఉందని ఉన్నమాట చెప్పాడు. ఆ పూటే అతని బిళ్ళలు వెనక్కి తీసుకున్నారు. కడుపుకు వైద్యం మేమే చేస్తామని చెప్పి, పరిశోధనలోంచి తప్పించారు. ఆ తర్వాత అతను అందరికీ కనబడింది బస్టాండులో, గేరు రాడ్డుకు తువ్వాలు చుట్టుకుని, గేరు మార్చినప్పుడల్లా పళ్ళు బిగించి. అతని కడుపు నయమైందా అని ఎవరూ అడగలేదు. వేళ్ళు మళ్ళీ వంకరపోవడం మాత్రం అందరూ చూశారు. నిజం చెప్పినవాడికి మందు లేదు. ఆ రోజు నుంచి హాలుకు అదే శాసనం, ఆ శాసనాన్ని విప్పి చెప్పే పని మాస్టారిది.

ప్రశ్నలడిగే సిస్టరమ్మ పరదా గదిలోకి పిలిచేలోగా ఆయన పక్కవాళ్ళకు కొలతలు తీసేటప్పటి ఓపికతో నేర్పేవాడు. అడిగినదానికే చెప్పాలి. నవ్వుతూ చెప్పాలి. ఆకలి బాగా వేస్తోందని మనమే మొదలుపెడితే మిగతా ప్రశ్నలు వాళ్ళే కుదించుకుంటారు. తెల్లమందు తాగినవాళ్ళు మూతి తుడుచుకుని రావాలి. స్వెట్టర్లు అల్లే అవ్వ ఒకత్తె ఉండేది. బిళ్ళ మొదలుపెట్టాక సూదులు మళ్ళీ పట్టింది. ఆమెకు అన్నీ రెండుసార్లు చెప్పాలి.

"మంట ఉందా అని అడిగితే ఏం చెప్పను మాస్టారూ?"

"ఎక్కడమ్మా, పొయ్యి కిందా అని అడుగు అవ్వా. ఆవిడ నవ్వుకుని తర్వాతి ప్రశ్నకు పోతుంది."

అవ్వ అలాగే అడిగింది, సిస్టరమ్మ అలాగే నవ్వింది.

మాస్టారి అక్కను ఈ పరిశోధనలో చేర్పించిందీ ఆయనే. ఒక లాడ్జిలో దుప్పట్లూ తువ్వాళ్ళూ చూసే పని ఆమెది. లిఫ్టు లేని మేడ. ఆమెకు ఉండమని ఇచ్చిన గది అన్నిటికన్నా పైన. బిళ్ళలకు ముందు మెట్టు మెట్టుకీ కూలబడి దిగేది, ఇప్పుడు మూట చంకనేసుకుని చకచకా ఎక్కుతోంది. కడుపు సంగతి అడిగితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటుంది. సిస్టరమ్మకూ అదే జవాబు, తమ్ముడికీ అదే జవాబు. ఆమెను పిలిచే వారం వేరు గనక ఇవాళ హాల్లో లేదు.

మాస్టారి వంతు వచ్చింది. ఆకలి బాగా వేస్తోందని నవ్వుతూ మొదలుపెట్టాడు. సిస్టరమ్మ నవ్వలేదు. దగ్గరికి వచ్చి, బొటనవేలితో ఆయన కింది కనురెప్ప లాగి చూసింది. తర్వాత గోళ్ళు చూసింది.

"ఎందుకింత పాలిపోయారు మాస్టారూ?"

యూనిఫారాల పని ఎక్కువైందనీ, ఎండ మొహం చూడటం లేదనీ చెప్పాడు. ఆమె వింటూనే రక్తం తీసింది. తీశాక బల్ల సొరుగులోంచి మూతున్న చిన్న తెల్ల డబ్బా తీసి, దాని మీద ఆయన పేరు రాసి చేతిలో పెట్టింది. రేపు పొద్దున మోషన్ ఇందులో పట్టి తెచ్చివ్వాలంది. అందులో కంటికి కనబడని రక్తం ఉన్నా పరీక్షలో తెలిసిపోతుందట.

సరిగ్గా అప్పుడే డాక్టరు పరదా తొలగించుకుని వచ్చి, ఆయన భుజం తట్టాడు. ఇంతమందిలో ఒక్కరికీ కడుపు ఫిర్యాదు లేదు, డ్రైవరు తర్వాత ఒక్కటి కూడా లేదు, ఇలాగే పోతే ఈ బిళ్ళ మందుల షాపులన్నిటికీ వెళుతుంది అన్నాడు. సంతోషం ఆయన మొహంలో దాగడం లేదు. మాస్టారు డబ్బాను జేబులోకి తోసుకుని తలూపాడు. ఒక్క చొక్కా అయినా తిరిగి రాని టైలరు లోకంలో ఉండడు. అలా ఎవడైనా చెప్పుకుంటే, వాడి దగ్గర చొక్కా కుట్టించుకున్నవాళ్ళు సిగ్గుపడి బీరువాలో దాచుకున్నారని అర్థం. ఆ మాట నాలుక దాకా వచ్చింది. దాన్ని మింగేసి, మంట కూడా దాంతోపాటే మింగి, హాల్లోకి వచ్చాడు.

*

తనది ఇస్తే దొరికిపోతాడు. ఇవ్వకపోతే అనుమానంతో దొరికిపోతాడు. అడకత్తెరలో పోకచెక్కకు ఉన్నపాటి చోటు కూడా లేదు. దారంతా అదే ఆలోచించాడు. సరుకు మంచిది కానప్పుడు పక్క కొట్టులోంచి తెచ్చి చూపించడం ఎవరూ చెయ్యని పని కాదు. ఇల్లాలిని అడిగితే, ఆమె ఇవ్వకపోగా చెవి పట్టుకుని డాక్టరు ముందు కూచోబెడుతుంది. అలాంటి వస్తువు బయటివాళ్ళను అడిగేదీ కాదు. ఇక మిగిలింది అక్క. గుండ్రాయిలా ఉన్న అక్క.

లాడ్జి మెట్లు ఎక్కుతుంటే ఆయనకు మధ్యలో రెండుసార్లు ఆయాసం వచ్చింది. అక్క పై వరండాలో ఆరిన దుప్పట్లు దులిపి మడతలు పెడుతోంది. దుప్పటి రెండో కొస ఆయన చేతికిచ్చి, లాగి పట్టుకోమంది. చిన్నప్పటి నుంచీ అంతే, ఆమె దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళినవాడికి ఏదో ఒక కొస అందుతుంది. ఇద్దరూ ఎదురూ బొదురూ నిలబడి నాలుగు దుప్పట్లు మడిచాక, ఆయన డబ్బా తీసి చూపించి సంగతి చెప్పాడు. కడుపులో కాస్త మంట, అంతే, పరీక్షలో అనవసరంగా ఏదైనా తేలితే చెయ్యి పోతుంది అన్నాడు. నల్లగా పోతున్న మాట చెప్పలేదు.

అక్క మడత ఆపి, డబ్బా వైపు చూసింది.

"నాది దేనికిరా? ఇంకెవరినైనా అడుగు."

"ఎవరినడగను? చక్కెర కప్పు కాదుగా, పక్కింటికెళ్ళి అడగడానికి."

ఆమెకు నవ్వు రాలేదు. సిగ్గుపడుతోందనుకుని ఆయన ఇంకా బతిమాలాడు. ఆమె ఒళ్ళు బాగుందనే కదా అడుగుతున్నానన్నాడు. అక్క ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. వెలుతురు ఉన్న వైపుకు గడ్డం పట్టి తిప్పింది. చేతిలోని తువ్వాలు కొసతో ఆయన పెదవి మూల తెల్లగా ఎండిన చుక్కను రుద్ది తుడిచింది.

"సరే. పొద్దున్నే వచ్చి పట్టుకెళ్ళు" అంది.

పొద్దున వెళ్ళేసరికి డబ్బాను కవర్లో పెట్టి, ఆ కవర్ను ఇంకో కవర్లో పెట్టి, ముడి మీద ముడి వేసి సిద్ధంగా ఉంచింది. విప్పి చూసే వస్తువు కాదు గనక ఆయన విప్పలేదు. పేరు కనబడేలా పైకి తిప్పుకుని తీసుకెళ్ళి ఆసుపత్రిలో ఇచ్చాడు. వస్తూ వస్తూ దారిలో కాజాల దారం కూడా కొనుక్కొచ్చుకున్నాడు. ఆ పూట కత్తెర మరింత తేలిగ్గా నడిచినట్టనిపించింది.

*

మర్నాడు పెద్ద కత్తెర గుడ్డ మధ్యలో ఉండగా ఫోను మోగింది. సిస్టరమ్మ. మోషన్లో రక్తం కనబడింది, బిళ్ళలు ఈ క్షణం నుంచి ఆపెయ్యండి, రేపు పొద్దున ఏమీ తినకుండా రండి, గొట్టం వేసి చూస్తాం అంది. నల్లగా పోతోందా అని అడిగింది. ఆయన లేదన్నాడు. అలవాటు.

ఫోను పెట్టేశాక కత్తెర ఉన్నచోటనే వదిలేసి నిలబడ్డాడు. బిళ్ళలు పోయాయి, చెయ్యి పోయింది, యూనిఫారాలు సగంలో ఉన్నాయి. ఇంతవరకూ నష్టం తేటగానే ఉంది. కాని ఆ రక్తం ఎవరిది? డబ్బా మీద పేరు తనది. లోపలిది అక్కది.

ఇల్లాలు ఎక్కడికని అడుగుతున్నా చెప్పకుండా బయల్దేరాడు. అక్క లాడ్జి మెట్ల మీద, మధ్య మలుపులో ఎదురైంది. చంకన ఉతకాల్సిన మూట. ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ డబ్బాలో రక్తం ఉందటక్కా."

"ఉంటుంది."

"నీకు తెలుసా?"

"నా ఒళ్ళు నాకు తెలీదా?"

మూట మెట్టు మీద దింపి, దాని మీదే కూచుంది. గొంతులో కోపం లేదు, భయం లేదు. దుప్పట్ల లెక్క చెప్పినట్టే చెప్పింది. తనకూ చాలా రోజులుగా అలాగే పోతోందట. తినగానే కడుపులో ఎవరో గోరుతో గీరినట్టు ఉంటుందట. పాలు తాగి పడుకుంటుందట.

"మరి నాకెందుకిచ్చావు? మంచిది కావాలనే కదా నీ దగ్గరికొచ్చింది."

"మంచిది కాదని తెలిసే ఇచ్చాను." ఆమె మోకాలి మీది చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "మొహం అద్దంలో చూసుకున్నావా? గోడకి సున్నం కొట్టినట్టుంది. ఇక్కడిదాకా ఎక్కడానికి నువ్వు రొప్పావు, నేను రొప్పలేదు. నీకు ముదిరిందిరా. నువ్వా చెప్పవు. చెప్పొద్దని ఊరందరికీ నేర్పినవాడివి, నీ నోటితో నువ్వెలా చెబుతావు? దేవుడు పంపినట్టు డబ్బా నా చేతికొచ్చింది. అదే చెబుతుందిలే అనుకున్నాను."

మాస్టారు తాను ఎంత పెద్ద బేరగాణ్ణని అనుకున్నాడో, అంత పెద్ద బేరంలో అక్క తనను నిలువునా కొనేసింది. కోపం వచ్చింది, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నా చెయ్యి తీసేశావక్కా."

"చెయ్యి లేకపోతే మీ ఆవిడ కోస్తుంది, వంకరగానో టింకరగానో. నువ్వే లేకపోతే?"

మరి నీ సంగతేమిటని అడిగాడు. ఆమె ఆ ప్రశ్నకోసమే ఎదురు చూస్తున్నట్టు వెంటనే తల అడ్డంగా ఊపింది. ఆ డబ్బా నాదని నువ్వు చెప్పకు అంది. లాడ్జి మేనేజరు బిళ్ళలకు ముందే ఇంకో మనిషిని చూసి పెట్టుకున్నాడు. మెట్లెక్కలేని రోజున పనీ ఉండదు, పైన గదీ ఉండదు. మా ఇంటికి వచ్చెయ్యమని ఆయన అనేలోపే, ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మీ ఆవిడ మంచిది. ఎప్పటికీ మంచిదిగానే ఉండాలంటే నేను రాకూడదు. కడుపులో పుండు ఎవరికీ కనపడదు తమ్ముడూ. కుంటినడక అందరికీ కనపడుతుంది. ఇన్నాళ్ళకు నా కాళ్ళు నాకొచ్చాయి. కొన్నాళ్ళు నడవనీ."

మాటివ్వమంది. ఆయన ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేదు. ఆమె దాన్నే మాటగా తీసుకుని, లేచి, మూట చంకనేసుకుని, ఆయన పక్కనుంచి మెట్లు దిగి వెళ్ళింది. ఒక్క మెట్టు మీదయినా ఆగలేదు.

*

గొంతులో చేదు మందు కొట్టారు. నాలుక కర్రలా బిగుసుకుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ళ మధ్య రింగు పెట్టి, నల్లటి సన్నని గొట్టాన్ని మింగమన్నారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే సిస్టరమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఇల్లాలు బయట బెంచీ మీద ఉంది. పొద్దున్నే ఆమెకు సగం చెప్పాడు, తన సగం. ఆమె టీని ఒక్కసారి కూడా తిట్టకుండా చెప్పులు వేసుకుని వెంట వచ్చింది. అందుకే ఆయనకు భయం వేసింది.

అంతా అయ్యాక డాక్టరు తెర మీద బొమ్మ చూపించాడు. లేత గులాబీ రంగు గోడ, దాని మధ్యలో గుడ్డ కాలి పడ్డ చిల్లులాంటి పుండు, అంచున నల్లటి నెత్తురు గడ్డ. ఇంకాస్త ఆలస్యమైతే చాలా దూరం పోయేదన్నాడు. మందులతో మానుతుంది, కాని ఆ బిళ్ళ ఇక వద్దు, చేతికి వేరే ఏదైనా చూద్దాం, అంత బాగా పనిచెయ్యకపోవచ్చు అన్నాడు.

"మోషన్లో కనబడిన రక్తం ఇక్కడిదే. మీరు నొప్పి ఓర్చుకునే మనిషి, అందుకే తెలియలేదు."

లెక్క సరిపోయింది. పక్కవాడి సరుకు తన పేరు మీద అమ్ముడుపోయి, కొన్నవాడు కూడా మెచ్చుకున్న బేరం ఇది. డబ్బాలో రక్తం, కడుపులో పుండు, రెండూ ఒకే పేరు కింద చక్కగా కూచున్నాయి. ఎవరూ ఎప్పుడూ పట్టుకోలేరు. ఆయన చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని ఇంటికి పోవడం. అక్క కోరిందీ అదే. అందరికీ లాభమైన బేరంలో నష్టం ఎక్కడో దాక్కుని ఉంటుందని తెలియనివాడు కాదు. అది ఇప్పుడు లాడ్జి మెట్ల మీద, చంకన మూటతో ఎక్కుతూ దిగుతూ ఉంది. తనకు ఇంత అయిందే, ఆమెకు ఎంత అయిందో తెర మీద ఎవరూ చూడలేదు.

"డబ్బాలోది నాది కాదండీ" అన్నాడు. నాలుక మొద్దుబారి మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

మత్తులో మాట్లాడుతున్నాడని సిస్టరమ్మ దుప్పటి సర్దింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మత్తు కాదమ్మా. ఆ రక్తం మా అక్కది. నాదీ అలాగే ఉంటుంది, కాని ఆ డబ్బాలోది ఆవిడది. ఆవిడ ఇంకా బిళ్ళలు వేసుకుంటోంది."

సిస్టరమ్మ ముందు అర్థం చేసుకుంది, ఫోనుకోసం బయటికి వెళ్ళింది. డాక్టరు అరవలేదు. తిరిగే స్టూలు మీద కూచుని, కళ్ళజోడు తీసి, ఇంకా ఎంతమంది అని మాత్రం అడిగాడు. మాస్టారు ఎవరి పేరూ చెప్పలేదు. నేర్పింది తనేననీ, ఎవరెవరు నేర్చుకున్నారో వాళ్ళనే అడగాలనీ చెప్పాడు. ఎందుకు నేర్పావని అడిగితే డ్రైవరు సంగతి చెప్పాడు.

"అది శిక్ష కాదు మాస్టారూ. ఆయన కడుపును కాపాడడానికే ఆపాం. ఎప్పుడో మానిపోయింది కూడా."

"మాకు చేతులే కనబడ్డాయండి."

డాక్టరు చేతిలోని కళ్ళజోడును చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టి, చాలాసేపు తుడుస్తూనే ఉన్నాడు.

*

మర్నాడు అందరినీ ఒక్కసారే పిలిపించారు. హాల్లో కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. మాస్టారు అలవాటైన మూల కుర్చీలో ఇల్లాలి పక్కన కూచున్నాడు. కొత్త మందుకు మంట తగ్గింది. బొటనవేలు మాత్రం అప్పుడే పొద్దుటి చలిని గుర్తుపట్టడం మొదలుపెట్టింది. ఆయన పక్క కుర్చీలో ఉన్నాయన లేచి వెళ్ళి, దూరంగా నిలబడ్డాడు. సంగతి తెలిసిపోయింది. నిన్నటిదాకా ఎవరు ఏం చెప్పాలన్నా ఈయన మొహం చూసేవాళ్ళు, ఇవాళ ఆ మూలకు ఒక్క చూపూ రావడం లేదు.

సిస్టరమ్మ పళ్ళెం నిండా తెల్ల డబ్బాలు తెచ్చింది. ఈసారి ఇంటికి తీసుకెళ్ళడం లేదని, ఇక్కడే, ఆసుపత్రి పాయిఖానాల్లోనే పట్టి ఇచ్చి వెళ్ళాలని చెప్పింది. కుదరనివాళ్ళు కుదిరేదాకా కూచోవాలి, ఎంతసేపైనా సరే. ఎదురుగా నిలబెట్టి ఒక్కొక్కరి పేరూ అడిగి, రాసి, చేతికి ఇస్తోంది. ఎవరూ జోకు వెయ్యలేదు. స్వెట్టర్ల అవ్వ తన డబ్బా అందుకుని, రెండు చేతులతో పట్టుకుని, పాత అలవాటుకొద్దీ నేరుగా మాస్టారి దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడేం చెప్పమంటావు మాస్టారూ?"

"ఉన్నది చెప్పు అవ్వా."

"ఉన్నది చెబితే సూదులు పట్టలేను గదా."

అది ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతోంది. పక్కనుంచి ఇల్లాలు లేచి అవ్వను తన కుర్చీలో కూచోబెట్టింది.

అక్క అందరికన్నా చివర వచ్చింది. నిన్న సాయంత్రమే ఆమె బిళ్ళలు వెనక్కి తీసుకున్నారు. పని బట్టలతోనే వచ్చింది, మోచేతి దాకా సబ్బు వాసన. తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన్ని గోడను చూసినట్టు చూసి, దాటి, సిస్టరమ్మ ముందు ఆగింది. పేరు అడిగితే గట్టిగా, హాలంతా వినబడేలా చెప్పింది. డబ్బా మీద రాస్తున్నప్పుడు ప్రతి అక్షరం అయ్యేదాకా వంగి చూసింది. చేతి సంచీ ఎవరికిద్దామా అని ఒక్క క్షణం వెతుక్కుని, మరదలి చేతికిచ్చింది.

పాయిఖానా హాలు ఆ చివర ఉంది, ముందు నాలుగు మెట్లు. ఒంట్లో మందు ఇంకా కాస్త మిగిలి ఉంది గనక మోకాళ్ళు బాగానే వంగుతున్నాయి. ఆమె మెట్ల ముందు ఆగి, పక్కనున్న పిట్టగోడ మీద చెయ్యి వెయ్యకుండా, ఒక్కొక్కటీ నిదానంగా, నిండుగా పాదం మోపి ఎక్కింది. పైదాకా వెళ్ళాక తలుపు తియ్యకుండా అక్కడే కాసేపు నిలబడింది.